కొండను కుడివైపు ఉంచుకుని

సోమవారం

తిరుపతి నుంచి చిత్తూరు, వేలూరు, పోలూరు మీదుగా తిరువణ్ణామలై రెండు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. బస్సులో సగానికి పైగా మనవాళ్ళే. వెనక సీట్లో ఇద్దరు కుర్రాళ్ళు కొండ చుట్టూ దారిలో ఉన్న లింగాల్లో ఏ లింగానికి మొక్కితే ఏ కోరిక తీరుతుందో చెప్పే వీడియో పెట్టి బస్సంతటికీ వినిపించారు. ఉద్యోగానికి ఒకటి, అప్పులు తీరడానికి ఒకటి, పెళ్ళి కుదరడానికి ఇంకొకటి. మా మేనత్త కాసేపు విని, "అన్నీ కావాలంటే ఎక్కడ మొక్కాలో కూడా అడుగు అమ్మాయీ" అంది.

అత్తయ్యకు డెబ్బై దాటాయి. చాలా ఏళ్ళుగా అరుణాచలం వస్తోంది. మోకాళ్ళ నొప్పులు ముదిరాయి కనుక ఈసారి తోడు రమ్మంది. సెలవు మిగిలి ఉంది, నేనూ సరేనన్నాను. భక్తి ఉండి వచ్చానని చెబితే అబద్ధమవుతుంది. గుంటూరులో లెక్కల విభాగంలో ఉద్యోగం నాది. రక్తంలో చక్కెర హద్దు దాటబోతోందని డాక్టరు చెప్పిన దగ్గర నుంచి నన్ను నేను బాగుచేసుకునే పనిలో పడ్డాను. పంచదార మానేశాను, నడక మొదలుపెట్టాను, ఫోనులో ధ్యానం నేర్పే యాప్ పెట్టుకున్నాను, అడుగులు లెక్కపెట్టే గడియారం చేతికి కట్టుకున్నాను. రాత్రి పడుకోబోయే ముందు ఒక పుస్తకంలో గళ్ళు నింపుతాను: లేచిన వేళ, నడిచిన దూరం, కోపం వచ్చిందా లేదా. వీటిని వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. చక్కెర తగ్గింది, ఒళ్ళు తేలికైంది. కాకపోతే ఆ మధ్య ఒక సాయంత్రం నడిచి ఇంటికి వచ్చాక, దారిలో ఏం చూశావని మా అమ్మాయి అడిగితే జవాబు దొరకలేదు. అడుగులెన్నో మాత్రం ఠక్కున చెప్పగలను.

చెంగం రోడ్డులో రమణాశ్రమం ముందు దిగేసరికి పొద్దు వాలుతోంది. గదికి అత్తయ్య చాలా ముందే రాసి పెట్టింది. ఇక్కడ గదికి అద్దె అంటూ లేదు, తోచినంత ఇచ్చి వెళ్ళవచ్చు. లెక్కల మనిషికి ఇది కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. ఎంత ఇస్తే సరిపోతుందో ఎవరూ చెప్పరు.

మంగళవారం

తెల్లవారుజామున మెలకువ వచ్చి ముంగిట్లోకి వెళ్ళాను. అక్కడ ఒక పెద్ద ఇప్పచెట్టు ఉంది. దాని కింద ఒకావిడ ఊడుస్తోంది. నడివయసు మనిషి, చెంగు బొడ్లో దోపుకుని, పొడవాటి పుల్లల చీపురుతో ఒకే దిక్కుగా ఊడ్చుకుంటూ వెళ్తోంది. ఊడ్చిన మేర ఇసుక మీద సన్నని చారలు పడుతున్నాయి. అవి చెరగకుండా తను వెనక్కి వెనక్కి జరుగుతోంది. మధ్యలో ఒక నెమలి అడ్డంగా నడిచి వచ్చింది. ఆవిడ చీపురు నిలిపి, అది తీరిగ్గా దాటిపోయేదాకా ఆగి, దాని కాళ్ళ గుర్తులున్న చోటును మళ్ళీ ఊడ్చింది. అంతలో పైనుంచి రెండు ఆకులు రాలాయి. ఒకదాన్ని వంగి తీసింది, రెండోదాన్ని వదిలేసింది. ఎందుకు వదిలేసిందో నాకు అర్థం కాలేదు. నేను అక్కడ ఎంతసేపు నిలబడ్డానో గడియారం చూసుకుంటే గాని తెలియలేదు.

ఏడింటికి ఫలహారం. భోజనశాలలో అందరూ నేల మీద బారులు తీరి కూర్చోవాలి. ఆకు వేస్తారు, నీళ్ళు చల్లి తుడుచుకుంటాం, ఇడ్లీ వస్తుంది. మధ్యాహ్నం మనకు వడ్డించడానికి ముందే బయట సాధువులకూ పేదలకూ వడ్డిస్తారు. రమణ మహర్షి ఉన్న రోజుల్లో ఆయన చీకటితోనే లేచి వంటింట్లో కూరలు తరిగేవారని, ఆకుకూర కాడలు పారేస్తే ఊరుకునేవారు కాదని, నేల మీద పడిన బియ్యపు గింజల్ని ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేసేవారని అక్కడ పనిచేసినవాళ్ళు రాసిపెట్టారు. వార్తాపత్రికలు చదివేవారు, పుస్తకాల ప్రూఫులు దిద్దేవారు, ఒకవైపు వాడిన కాగితాల్ని కుట్టి పుస్తకాలు చేసేవారు. అన్నీ వదిలేసి వచ్చినవాడు బియ్యపు గింజను వదలకపోవడం నాకు నచ్చింది. మా ఆఫీసులో పొదుపు మీద సర్క్యులర్లు పంపేవాళ్ళు పది కాపీలు తీస్తారు.

ఫలహారం అయ్యాక పాత హాలులో కూర్చున్నాం. మహర్షి దాదాపు ఇరవై ఏళ్ళు ఉన్న గది ఇది. ఆయన కూర్చున్న సోఫా మీద ఇప్పుడు పటం ఉంది. ఎవరూ ఏమీ చెప్పరు. మంత్రం లేదు, ఉపన్యాసం లేదు, కళ్ళు మూసుకోండి, గాలి పీల్చండి అనే గొంతు లేదు. ఆ గొంతుకు అలవాటు పడిన నాకు మొదట ఏం చేయాలో తోచలేదు. గ్యాసు బండకు చెప్పానా, నెలాఖరు రిటర్నులు ఎవరు దాఖలు చేస్తారు, హాస్టల్లో అమ్మాయి ఫీజు కట్టడానికి గడువు ఎప్పుడు? ఇవన్నీ వరుసలో నిలబడి పిలుపు కోసం చూస్తున్నట్టు వచ్చాయి. కాసేపటికి పిలుపు రాకపోయేసరికి కొన్ని వెళ్ళిపోయాయి కూడా. సరిగ్గా అప్పుడే నా చేతి మీద గడియారం గిర్రుమంది. చాలాసేపటి నుంచి కదలలేదు, లేచి నడవండి అని దాని సలహా. పక్కన కూర్చున్న విదేశీ అమ్మాయి కళ్ళు తెరిచి, నవ్వి, మళ్ళీ మూసుకుంది. నేను గడియారం విప్పి సంచిలో పడేశాను.

సాయంత్రం సమాధి మందిరంలో వేదపాఠశాల పిల్లలు పారాయణం చేశారు. చివరి వరసలో కూర్చున్న బుడతడు ఆవులింత ఆపుకోలేకపోతున్నా స్వరం మాత్రం తప్పలేదు.

బుధవారం

ఆశ్రమం వెనక గేటు నుంచి కొండ మీదికి రాళ్ళు పరిచిన దారి ఉంది. స్కందాశ్రమం దాకా ఎక్కి, అక్కడి నుంచి విరూపాక్ష గుహకు దిగాలి. అత్తయ్య రాలేనంది. "మోకాళ్ళు ఒప్పుకోవు, నువ్వు వెళ్ళి రా. కోతుల ముందు సంచి తెరవకు" అని పంపింది. దారి పొడవునా చిన్న చెట్లు. కొన్ని దశాబ్దాల క్రితం ఈ కొండ దాదాపు బోడిగా ఉండేదని, 1980ల చివరి నుంచి స్వచ్ఛందంగా మొక్కలు నాటి, వేసవి మంటల నుంచి కాపాడుతూ వచ్చారని చెబితే ఇప్పుడు నమ్మడం కష్టం.

తర్వాత రమణ మహర్షి అయిన వెంకటరామన్ అనే పదహారేళ్ళ కుర్రాడు 1896లో మదురైలో ఇల్లు వదిలి ఇక్కడికి వచ్చాడు. అన్న కాలేజీ ఫీజు కట్టమని తీసుకోమన్న అయిదు రూపాయల్లో మూడు తీసుకుని, రెండు అక్కడే పెట్టి, నీ ఫీజు ఇంకా కట్టలేదని చీటీలో రాసి వెళ్ళాడు. చీటీ చివర సంతకం లేదు. ఇల్లు వదిలిపోతూ కూడా లెక్క అప్పగించిన ఆ కుర్రాడి మీద నాకు వృత్తిరీత్యా గౌరవం కలిగింది. 1899 నుంచి 1916 దాకా ఆయన ఎక్కువగా విరూపాక్ష గుహలోనే ఉన్నారు. తర్వాత 1922 వరకు స్కందాశ్రమం. తల్లి అళగమ్మాళ్ వచ్చి కొడుకుతో ఉండడం మొదలయ్యాకే అక్కడ వంటంటూ పుట్టింది. అప్పటిదాకా ఊళ్ళో ఎత్తిన భిక్షే తిండి.

స్కందాశ్రమం ముందున్న బండ మీద నుంచి చూస్తే గుడి మొత్తం, నాలుగు దిక్కుల గోపురాలతో, కింద పరిచినట్టు కనిపిస్తుంది. ఈ దృశ్యం ఫోటోల్లో చాలాసార్లు చూశాను. ఫోటోలో లేనిది చప్పుడు. ఊరి చప్పుడంతా పైకి వస్తుంది: బస్సుల హారన్లు, ఎక్కడో పెళ్ళి మైకు, ఎవరో ఇనుము కొడుతున్న మోత. ప్రశాంతత కోసం కొండెక్కినవాళ్ళు చెవుల్లో పరికరాలు పెట్టుకుని వేణునాదం వింటున్నారు. నేను ఊరిని వింటూ కూర్చున్నాను. కాసేపటికి ఏ హారన్ ఏ మలుపు దగ్గరిదో పోల్చుకోవడం సరదాగా అనిపించింది.

విరూపాక్ష గుహ లోపల చీకటి, ఉక్క. ఆ పేరుగల సాధువు విభూతి ఒక దిబ్బగా ఉంది. ఎదురుగా దీపం. 1901, 1902 ప్రాంతంలో శివప్రకాశం పిళ్ళై అనే రెవెన్యూ శాఖ ఉద్యోగి వచ్చి ప్రశ్నలు అడిగితే, అప్పట్లో మాట్లాడని మహర్షి ఇసుక మీదా పలక మీదా రాసి జవాబులిచ్చారు. వాటి సారం అందరికీ తెలిసిందే: ఏ తలపు వచ్చినా దాని వెంట పరుగెత్తకుండా, ఇది ఎవరికి వచ్చిందని అడుగు. నాకు అంటావు. ఆ నేనెవరని అడుగు.

గుహలో కూర్చుని ఆ ప్రశ్నను నా గళ్ళ పుస్తకం మీద ప్రయోగించి చూశాను. కోపం వచ్చిందా, వచ్చింది. ఎవరికి? నాకు. రోజూ రాత్రి ఆ నాకు మార్కులు వేస్తున్నది ఎవరు? ఆవిడ కూడా నేనే. ఉదయం లేవలేదని తిట్టేదీ నేనే, తిట్లు పడేదీ నేనే. ఒకే మనిషి ఆడిటరుగా, ఆడిట్ అయ్యే గుమాస్తాగా రెండు కుర్చీల్లో కూర్చుంటే ఆ లెక్క ఎప్పటికి తేలుతుంది? ఇంతవరకు బాగానే ఉంది. కాని ఇక్కడ నాకొక పేచీ కూడా ఉంది. నేనెవరని ఎంత అడిగినా చక్కెర తగ్గదు, నడిస్తేనే తగ్గుతుంది. ఈ ఊరు వచ్చి నాలుగు రోజులుండి ఇక సాధన అక్కర్లేదు, అంతా ఒకటే అని తిరిగే మేధావులు నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు. ఇంట్లో బిల్లులు వాళ్ళ భార్యలు కడుతుంటారు. మహర్షి మాత్రం ఇల్లూ ఉద్యోగమూ వదిలేస్తామని వచ్చిన చాలామందిని అక్కడే ఉండి చూసుకోమని వెనక్కి పంపారు.

మధ్యాహ్నం ఆశ్రమం పుస్తకాల దుకాణంలో తెలుగు అర ముందు చాలాసేపు నిలబడ్డాను. ఈ కొండకూ మనకూ ఉన్న బంధం యూట్యూబుతో మొదలైంది కాదు. ఈ మౌనిని 1907లో భగవాన్ రమణ మహర్షి అని మొదట పిలిచినవాడు బొబ్బిలి ప్రాంతపు కావ్యకంఠ గణపతి ముని. చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్న గుంటూరు జిల్లా మనిషి సూరి నాగమ్మ 1941లో ఇక్కడికి చేరి, 1945 నుంచి హాలులో జరిగిందంతా తన అన్నగారికి ఉత్తరాలుగా రాశారు. అప్పట్లో చీకటి పడ్డాక ఆడవాళ్ళు ఆశ్రమంలో ఉండకూడదు. ఆవిడ బయట ఇల్లు తీసుకుని ఉంటూ, పగలు చూసింది రాత్రి రాసుకునేవారు. కోరుకోగానే గది దొరికిన నాలాంటిదానికి ఈ సంగతి కాస్త గుచ్చుకుంది. ఆవిడ కోరిక మీదే మహర్షి 1947లో ఏకాత్మ పంచకాన్ని ముందు తెలుగులో చెప్పి, తర్వాత తమిళంలో రాశారు. ఇక చలం. సంసారాన్నీ సంఘాన్నీ అంతగా కడిగేసినవాడు 1950లో కుటుంబంతో వచ్చి, 1979లో పోయేదాకా ఈ ఊరు వదల్లేదు. ఆయన మారిపోయాడని కొందరు, లొంగిపోయాడని కొందరు అంటారు. నాకైతే రెండూ తొందరపాటు తీర్పులే అనిపిస్తాయి. అడుగుతున్న ప్రశ్నను బయటి నుంచి లోపలికి తిప్పుకున్నాడు, అంతే.

గురువారం

పౌర్ణమికి ఇంకా వారం పైనే ఉంది. దారి ఖాళీగా ఉంటుందని తెల్లవారకముందే గిరిప్రదక్షిణకు బయలుదేరాం. పధ్నాలుగు కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. అత్తయ్య నడవగలిగినంత నడిచి, చేతకాకపోతే ఆటో ఎక్కుతానంది. కొండ కుడివైపు ఉంటుంది. రోడ్డుకు ఎడమ పక్కనే నడవాలని అత్తయ్య పట్టుబట్టింది. కొండ వైపు సిద్ధులు నడుస్తారట, వాళ్ళకు అడ్డం రాకూడదు. నేను లారీల గురించి ఆలోచిస్తున్నాను.

"ఎందుకే అంత పరుగు?" అంది వంద గజాలు వెళ్ళేసరికి. "నెలలు నిండిన మహారాణి నడిచినట్టు నడవాలని పెద్దలు చెప్పారు. నాగమ్మగారు కూడా రాశారు."

"నేను మామూలుగానే నడుస్తున్నాను కదా అత్తయ్యా."

"ఇది మామూలా? కొట్టు కట్టేస్తారని పరుగెత్తుతున్నట్టుంది."

ఆవిడ మోకాళ్ళ వేగానికి నా కాళ్ళను తగ్గించడం ఎంత కష్టమో మాటల్లో చెప్పలేను. వేగంగా నడవడానికి ఏ ప్రయత్నమూ అక్కర్లేదు, నిదానించడానికి ఒళ్ళంతా అభ్యంతరం చెప్పింది. పిక్కలు బిగుసుకున్నాయి, అడుగు అడుగుకూ ముందుకు తూలుతున్నట్టు అనిపించింది. యమలింగం దాటి నిరృతి లింగం వైపు సాగుతుంటే అరికాళ్ళకు నేల తెలియడం మొదలైంది. తారు మెత్తగా, కాస్త వెచ్చగా ఉంటుంది. పక్కన పరిచిన రాళ్ళు చల్లగా, నున్నగా. వాటి మధ్య ఇసుక, ఇసుకలో కర్పూరం మాడిన చోట జిడ్డు. ఒక చోట గులకరాయి మడమలో దిగింది. రోడ్డు పక్క కాషాయాలు కప్పుకుని పడుకున్న సాధువులు ఒక్కొక్కరే లేచి దుప్పట్లు మడుస్తున్నారు. ఒకాయన పళ్ళు తోముకుంటూ ఎవరితోనో ఫోనులో గట్టిగా పోట్లాడుతున్నాడు. కొండ ఒక్కో మలుపులో ఒక్కోలా కనిపిస్తుంది: ఒక చోట ఒంటి శిఖరం, కాస్త ముందుకు వెళితే పక్కన మరికొన్ని. వెలుగు వచ్చాక చూస్తే ఇది అంత ఎత్తయిన కొండ కాదు, ఎనిమిది వందల మీటర్ల పైచిలుకు. అయినా దారంతా కళ్ళు దాని మీదికే పోతాయి.

ఆది అణ్ణామలై గుడి దగ్గర అత్తయ్య అరుగు మీద కూలబడింది. టీ తాగాం. పంచదార వేయకుండా ఇమ్మని నేను తమిళంలో తంటాలు పడుతుంటే కొట్టతను, "చక్కెర వద్దా అమ్మా?" అని తెలుగులో అడిగాడు. ఇప్పుడు ఈ ఊళ్ళో బోర్డుల మీద కూడా మన అక్షరాలే ఎక్కువయ్యాయి.

అక్కడి నుంచి ఆవిడ ఆటోలో వెళ్ళిపోయింది, నేను ఒంటరిగా నడిచాను. వింతగా, పక్కన ఎవరూ లేకపోయినా వేగం పెరగలేదు. కుబేర లింగం ముందు జనం నోట్లు చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. దాటగానే ఇడుక్కు పిళ్ళయార్ గుడి. రాతి కట్టడం, మధ్యలో మనిషి పక్కకు తిరిగి పాక్కుంటూ దూరేంత సందు మాత్రమే. అందులోంచి బయటపడితే మళ్ళీ జన్మ ఉండదని కొందరు, నడుం నొప్పి పోతుందని కొందరు అంటారు. నా ముందున్న భారీ మనిషి సగంలో ఇరుక్కున్నాడు. బయట నుంచి ఆయన కొడుకు, "నాన్నా, ఊపిరి వదిలెయ్, ఎడమ భుజం ముందుకు పెట్టు, తొందరపడకు" అని చెబుతున్నాడు. ఆయన నిజంగానే ఊపిరి వదిలాడు, ఒక్క జానెడు జరిగాడు, మళ్ళీ వదిలాడు. నా వంతు వచ్చినప్పుడు నాకూ అదే పనికొచ్చింది. లోపల చెంపకు తగిలిన రాయి నూనెతో నిగనిగలాడుతోంది, చల్లగా ఉంది. మోచేయి గీరుకుంది. యాప్ చెప్పే శ్వాస పాఠాలన్నిటికన్నా ఈ సందు బాగా నేర్పింది, పైగా చందా అడగలేదు.

శుక్రవారం

అరుణాచలేశ్వరుడి గుడి. కృష్ణదేవరాయల కాలంలో మొదలైన రాజగోపురం 217 అడుగులు. లోపల క్యూ అంతకన్నా పొడవు, మూడు గంటలు పట్టింది. తోపులాటలో దర్శనం ఎలా అయిందో తెలియదు. వేయికాళ్ళ మండపంలో పాతాళలింగం దగ్గర మాత్రం ఎవరూ లేరు. ఇల్లు వదిలి వచ్చిన ఆ కుర్రాడు మొదట్లో కూర్చున్నది ఇక్కడే. చీమలూ పురుగులూ తొడలు కొరికి పుళ్ళు పడ్డా కదల్లేదంటారు. నేను దోమల దెబ్బకు అయిదు నిమిషాల్లో బయటికి వచ్చేశాను.

శనివారం

తిరుగు ప్రయాణం. అత్తయ్య కిటికీ సీటు పట్టుకుంది. బస్సు పోలూరు దాటాక ఉండబట్టలేక అడిగాను.

"ఇన్నేళ్ళుగా వస్తున్నావు కదా అత్తయ్యా, ఏం మారింది?"

"మారడానికి రావాలా ఏమిటి?" అంది. తర్వాత కాసేపు ఆలోచించింది. "మా కోడలితో గొడవలు తగ్గాయా అంటే తగ్గలేదు. ముందు గొడవ అయిపోయాక తెలిసేది. ఇప్పుడు మాట నోట్లో ఉండగానే తెలుస్తోంది. అయినా కొన్నిసార్లు అనేస్తాను."

"తెలిసి కూడానా?"

"కొన్ని మాటలు అనకపోతే అర్థం కాదమ్మాయీ" అని సంచిలోంచి నిమ్మకాయ పులిహోర పొట్లం తీసింది. నాకు సగం పెట్టి, వేరుశనగ గుళ్ళన్నీ తన వైపు ఏరుకుంది. పళ్ళు బాగాలేవు కదా, ఎలా నములుతావని అడిగితే, నానితే నములుతానంది.

చిత్తూరులో బస్సు ఆగినప్పుడు ఫోను తెరిచాను. ఆఫీసు నుంచి సందేశాలు గుట్టపడ్డాయి. అందులో ఒకటి, నేను దాఖలు చేసిన పద్దులో తేడా ఉందని పైఅధికారి రాసిన ఘాటైన మాట. జవాబు టైపు చేశాను. అందులో రెండో వాక్యం తీసేశాను, మొదటిది ఉంచాను, పంపాను. ఆ మొదటి వాక్యం కూడా ఆయనకు నచ్చలేదని సోమవారం తెలిసింది.